అమ్మానాన్నలతో, పిల్లలతో చాట్స్‌వర్త్ హౌస్... ఒక రోజంతా పెట్టొచ్చా?

లీడ్స్_లక్ష్మి
మా అమ్మా నాయనా పులివెందుల దగ్గర పల్లె నుంచి వచ్చి ఉన్నారు. ఇద్దరికీ అరవై దాటాయి, అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇంట్లో ఎనిమిదేళ్ల పాప, నాలుగేళ్ల పిడుగు ఒకడు. మొన్న అందరం కలిసి ఒక పాతకాలపు దొరగారి బంగళా చూడ్డానికి పోయినాం. ఊరూ పేరూ ఇక్కడ అనవసరం. గది వెంట గది, గోడల నిండా విగ్గులు పెట్టుకున్న పెద్దమనుషులు, ఎక్కడ చూసినా తాళ్లు కట్టి "ముట్టుకోవద్దు". మావాడు తాడు కింద నుంచి దూరడం, అక్కడి పెద్దావిడ వెంటపడటం, నేను సారీలు చెప్పడం, దీంతోనే సరిపోయింది. నాయన కాసేపటికే బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. "ఎట్లుంది నాయనా" అంటే "గొర్రెలు బాగున్నాయమ్మా" అన్నాడు.

ఇప్పుడు మా ఆయన చాట్స్‌వర్త్ పోదామంటాడు. ఇక్కడ ఇంగ్లండ్‌లో, డెర్బీషైర్ జిల్లాలో దొరల బంగళాల్లో దాన్ని మించింది లేదంట. టికెట్ కూడా దానికి తగ్గట్టే ఉంది. మళ్లీ అదే కథ అవుతుందేమోనని నాకు టెన్షన్. చిన్నపిల్లల్నీ పెద్దవాళ్లనీ కలిపి తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్నదున్నట్టు చెప్పండి.

గోదారోడు
ఆ డబ్బుతో సముద్రం ఒడ్డుకి తీసుకెళ్లి చేపా చిప్సూ తినిపించండి. పిల్లోడు ఎక్కడ దూరినా అడిగేవాడు ఉండడు.

డెర్బీ_డాక్టరమ్మ
గోదారోడి మాట వినకండి, ఆయనకి ప్రపంచంలో ప్రతి సమస్యకీ మందు చేపే.

లక్ష్మిగారూ, మేం అటువైపే ఉంటాం కాబట్టి ఇండియా నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్లేది అక్కడికే. ముందు ఒక సంగతి తెలుసుకోండి. ఇల్లూ తోటా కలిపి ఒక టికెట్, తోటకి మాత్రమే ఒక టికెట్, పిల్లల ఫార్మ్‌యార్డ్ వేరు. మీ నాలుగేళ్లవాడి గురించి రాసింది చూస్తే ఇల్లు వదిలేయమంటాను. తోటే 105 ఎకరాలు. పరిగెత్తి పరిగెత్తి వాడే అలిసిపోతాడు.

పిల్లలకి అన్నిటికంటే నచ్చేది విల్లో చెట్టు ఫౌంటెన్. చూడ్డానికి ఆకులు రాలిపోయిన మామూలు చెట్టులాగే ఉంటుంది, అంతా లోహమే. దగ్గరికెళ్లి నిలబడితే కొమ్మల్లోంచి నీళ్లు మీద పడతాయి. 1690ల నాటి కొంటె ఆలోచన అది. ఇప్పుడున్నది తర్వాత మళ్లీ చేయించింది. విక్టోరియా ఇంకా రాణి కాకముందు, 1832లో, పదమూడేళ్ల పిల్లగా వచ్చి దాన్ని చూసి తెగ సంబరపడిందట. ఒక జత బట్టలు ఎక్కువ పెట్టుకోండి. ఆ తర్వాత యూ చెట్లతో పెంచిన చిక్కుదారి ఒకటుంది. పెద్దపిల్లని అందులోకి వదలండి, మీరు బయటే ఉండండి.

కాస్కేడ్ అని కొండ మీద నుంచి 24 అంచెల మీదుగా నీళ్లు దిగే రాతిమెట్లు ఉన్నాయి. 1696లో మొదలుపెట్టారు. మామూలుగా పిల్లలు కాళ్లు తడుపుకుంటూ సాయంత్రం దాకా అక్కడే ఉంటారు. కానీ పెద్ద మరమ్మతు అవసరమై కొన్నేళ్ల కిందట నీళ్లు ఆపారు. వెళ్లేముందు వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకుని, దాని గురించి పిల్లలకి ముందే ఆశ పెట్టకండి.

అమ్మగారి మోకాళ్లకి: తోట కొండవాలులో ఉంది. పైన బండరాళ్ల తోట వైపు తీసుకెళ్లొద్దు. ఇంటికి దక్షిణంగా పచ్చిక, దాని ముందు పొడవాటి కొలను ఉంటాయి, అదంతా చదునే. బెంచీలు బోలెడు.

మిల్టన్‌కీన్స్_మూర్తి
డాక్టరమ్మగారు చెప్పినవన్నీ సబబే కానీ ఇల్లు వదిలేయమనడం మాత్రం ఒప్పుకోను. అక్కడిదాకా వెళ్లి ఇల్లు చూడకుండా రావడమంటే పెళ్లికెళ్లి అక్షింతలు వేసి భోజనం చేయకుండా వచ్చెయ్యడమే.

లోపల పెయింటెడ్ హాల్ ఉంది. గోడలూ పైకప్పూ అంతా జూలియస్ సీజర్ కథ, లాగెర్ అనే ఆయన వేశాడు. సంగీతం గదిలో ఒక తలుపు సగం తెరిచి ఉంటుంది, దాని వెనక మేకుకి వయొలిన్ వేలాడుతుంటుంది. అది వయొలిన్ కాదు, వట్టి రంగుల బొమ్మ! ఎంతసేపు చూసినా నమ్మబుద్ధి కాదు. శిల్పాల గదిలో మేలిముసుగు వేసుకున్న కన్య పాలరాతి విగ్రహం, 1847లో మోంటి చెక్కింది. రాతిలోంచి మొహం కనిపిస్తుంది, ముసుగూ కనిపిస్తుంది. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కాని చూసినవాళ్లకి ఆ పనితనం ఏమిటో చెప్పక్కర్లేదు. అది బెంజోనీ చేసింది. ఇద్దరూ ఇటలీవాళ్లే.

డెర్బీ_డాక్టరమ్మ
మూర్తిగారూ, నాలుగేళ్లవాడు ఆ కన్య మొహం చూస్తాడా, ముసుగు పట్టుకు లాగుతాడా?

మిల్టన్‌కీన్స్_మూర్తి
జట్టు విడిపోవాలి. ఒకరు వాడితో తోటలో, ఒకరు పెద్దపిల్లతో ఇంట్లో. మేం అలాగే చేశాం.

గోదారోడు
ఫ్యామిలీ డే అవుట్ అంటే ఫ్యామిలీ విడిపోవడం అన్నమాట. అర్థమైంది.

బొగ్గుబాయి_బిడ్డ
మాది గోదావరిఖని, ఇప్పుడు డాంకాస్టర్ల ఉంటున్నం. మా దగ్గర నేషనల్ ట్రస్ట్ (పాత బంగళాలు, కోటలు చూసుకునే సంస్థ) ఫ్యామిలీ కార్డు ఉంది, అది అక్కడ నడుస్తదా?

డెర్బీ_డాక్టరమ్మ
నడవదు. చాట్స్‌వర్త్ నేషనల్ ట్రస్టుది కాదు. డెవన్‌షైర్ డ్యూక్ కుటుంబం, అంటే కావెండిష్‌ల ఇల్లు. వాళ్లు ఇప్పటికీ అందులోనే ఉంటారు. జనం చూసే భాగాన్నీ తోటనీ 1981లో పెట్టిన ఒక చారిటబుల్ ట్రస్టు నడుపుతుంది. మీ కార్డుకి హార్డ్‌విక్ హాల్, కెడిల్‌స్టన్ హాల్ పనికొస్తాయి, రెండూ ఈ జిల్లాలోనే. చాట్స్‌వర్త్‌లో కూడా ఇంటి చుట్టూ ఉన్న పార్కులో నడవడానికి టికెట్ లేదు. డెర్వెంట్ నది ఒడ్డున గొర్రెల మధ్య దుప్పటి పరుచుకుని కూర్చోవచ్చు. కారు పార్కింగ్‌కి మాత్రం ఇచ్చుకోవాలి. షెఫీల్డ్ నుంచి బేక్‌వెల్ వెళ్లే 218 బస్సు అక్కడ ఆగుతుంది.

సర్కార్_కుర్రాడు
నాకొకటి అర్థం కాదు. డ్యూక్ గారి కుటుంబం ఇప్పటికీ అందులోనే ఉంటుంది, మనం ఆయన ఇంటి కప్పు బాగుచేయించడానికి టికెట్ కొంటాం. మనూళ్లో జమీందారీలు రద్దు చేసింది ఎందుకు? 1948లో ఎస్టేట్స్ రద్దు చట్టం వచ్చింది, మా విజయనగరం, బొబ్బిలి అన్నీ పోయాయి. ఇక్కడ దొరల ఎస్టేట్లు మాత్రం కాఫీ షాపులతో సహా బాగానే ఉన్నాయి.

మిల్టన్‌కీన్స్_మూర్తి
బాగానే ఏం లేవు. ఇక్కడ చట్టం చేసి లాక్కోలేదు కానీ చావు పన్నుతో, అంటే యజమాని పోతే ఆస్తి మీద వేసే పన్నుతో, నడ్డి విరిచారు. పదో డ్యూక్ ఆస్తిని ముందే కొడుకు పేరున రాశాడు. అలా రాశాక అయిదేళ్లు బతికితే పన్ను ఉండదు. ఆయన 1950 నవంబరులో పోయాడు, కొద్ది వారాల్లో గడువు తప్పింది. పన్ను ఎనభై శాతం! వేల ఎకరాలు అమ్మారు, రెంబ్రాంట్, హోల్బైన్ వేసిన బొమ్మలు పోయాయి. హార్డ్‌విక్ హాల్‌ని పన్ను కింద ప్రభుత్వానికి అప్పగించారు, అలా 1959లో అది నేషనల్ ట్రస్టు చేతికొచ్చింది. బొగ్గుబాయి బిడ్డ కార్డు హార్డ్‌విక్‌లో చెల్లడానికి కారణం ఆ అయిదేళ్ల గడువే.

బొగ్గుబాయి_బిడ్డ
మంచిగనే కలిసొచ్చింది నాకు.

సర్కార్_కుర్రాడు
పాపం అనమంటారా? అసలు అంత డబ్బు ఎక్కడిది? మన దగ్గర నుంచి పోయిందే కదా.

మిల్టన్‌కీన్స్_మూర్తి
వీళ్ల మూలధనం మన దగ్గరిది కాదు. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ మఠాల భూములు లాక్కున్నప్పుడు వాటి వ్యవహారం చూసిన ఉద్యోగి మొదటి కావెండిష్. ఆయన భార్య బెస్ ఆఫ్ హార్డ్‌విక్, నలుగుర్ని పెళ్లాడి ప్రతిసారీ ఇంకాస్త ఆస్తి కూడగట్టింది. 1550లలో చాట్స్‌వర్త్ మొదలుపెట్టిందీ ఆవిడే. ఆ తర్వాత డెర్బీషైర్ సీసం గనులు, ఎక్టన్ రాగి గని, ఐర్లండ్ భూములు. ఐర్లండ్ రైతుని అడిగితే వేరే కథ చెబుతాడనుకోండి.

మన సొమ్ము చూడాలంటే వేల్స్‌లో పోవిస్ కోటకి వెళ్లాలి.

సర్కార్_కుర్రాడు
పోవిస్ సంగతి నాకు తెలుసు. కోపం వచ్చేదే అక్కడ. రాబర్ట్ క్లైవ్ కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్ పోవిస్ వారి ఆడపడుచు హెన్రియెటాని చేసుకున్నాడు, అలా ఆ కోట క్లైవ్‌ల వంశానికి చేరింది. ఈ ఎడ్వర్డే 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. శ్రీరంగపట్నం పడిందీ, టిప్పు చచ్చిపోయిందీ ఈయన హయాంలోనే, 1799లో. టిప్పు గుడారం, సింహాసనం మీది బంగారు పులి తల ఇప్పుడు పోవిస్‌లో ఉన్నాయి. మన ఉత్తర సర్కార్లలో 1802లో శాశ్వత శిస్తు పెట్టిందీ ఈయన గవర్నరుగా ఉండగానే. అంటే మా ఊరి జమీందారు రైతు దగ్గర శిస్తు పిండుకోవడానికి కాగితం రాసిచ్చిన ప్రభుత్వం ఈయనది. నూట నలభై ఆరేళ్లు పట్టింది ఆ కాగితం చింపడానికి.

గోదారోడు
లక్ష్మిగారు పిల్లోణ్ణి ఎక్కడ ఆడించాలి అని అడిగారు, మనం శాశ్వత శిస్తు దగ్గర ఉన్నాం.

కోడ్‌కూలీ_కేంబ్రిడ్జ్
కావెండిష్ అంటే హైడ్రోజన్ కనిపెట్టిన హెన్రీ కావెండిష్ కూడా ఆ వంశమే కదా? భూమి సాంద్రత లెక్కగట్టినాయన.

మిల్టన్‌కీన్స్_మూర్తి
ఆ వంశమే, రెండో డ్యూక్ మనవడు. హైడ్రోజన్ 1766, భూమి లెక్క 1798. మీ ఊళ్లో కావెండిష్ ల్యాబ్ కట్టడానికి డబ్బిచ్చింది ఏడో డ్యూక్.

రైతుబిడ్డ_రెడింగ్
ఇంతమంది ఇన్ని చెప్పారు కానీ అసలు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. లక్ష్మక్కా, మీ నాయనది పులివెందుల అన్నావు. అరటి తోట ఉందా?

లీడ్స్_లక్ష్మి
ఉంది తమ్ముడూ. మూడెకరాలు, అంతా జీ నైన్ రకం. ఎందుకు?

రైతుబిడ్డ_రెడింగ్
అయితే మీ నాయన తప్పకుండా పోవాల్సిన చోటు ఇది. మాది అనంతపురం పక్క, మేమూ జీ నైనే. దాని గుంపు పేరేమిటి? కావెండిష్. ఆ కావెండిష్ ఎవరో ఇప్పుడు తెలిసింది కదా.

చాట్స్‌వర్త్‌లో ఆరో డ్యూక్ కాలంలో జోసెఫ్ పాక్స్‌టన్ అని తోటమాలి ఉండేవాడు. రైతు కొడుకు. 1826లో ఇరవై రెండేళ్లకు కొలువులో చేరాడు. చేరిన రోజు తెల్లవారి నాలుగున్నరకు వచ్చి, గేటు మూసి ఉంటే గోడ దూకి, తోటంతా తిరిగి చూసి, ఆరింటికి కూలీలను పనిలో పెట్టి, టిఫిన్ వేళకు ఆ ఇంటి మేనేజరమ్మ మేనకోడలిని చూసి మనసు పారేసుకున్నాడు. తర్వాత పెళ్లీ చేసుకున్నాడు. ఇది ఆయనే రాసుకున్నది.

1830 ప్రాంతంలో ఆయన ఒక పొట్టి అరటి మొక్క సంపాదించి గాజు ఇంట్లో పెంచాడు. అది మారిషస్ మీదుగా ఇంగ్లండ్ వచ్చిన రకం, మొదట చైనాది. 1835 నవంబరులో పువ్వు వేసింది, మరుసటి మే నెలకు గెలకు వందకు పైగా కాయలు. దొరగారి ఇంటి పేరు పెట్టి మూసా కావెండిషీ అన్నారు. జాన్ విలియమ్స్ అనే మిషనరీ అక్కడి మొక్కల్ని సమోవా దీవులకు తీసుకుపోయాడు. అప్పట్లో ప్రపంచ మార్కెట్‌లో ఉండేది గ్రో మిషెల్ అనే వేరే రకం. పనామా తెగులు దాన్ని తుడిచిపెట్టేసరికి 1950లు, 60లలో కంపెనీలన్నీ కావెండిష్‌కు మారాయి. ఇప్పుడు ఇక్కడ ఏ సూపర్‌మార్కెట్‌లో పండు తీసినా అదే. మన తాడిపత్రి నుంచి రైలెక్కి ముంబై రేవు మీదుగా గల్ఫ్‌కు పోయేదీ అదే.

లీడ్స్_లక్ష్మి
నాయనకు చదివి వినిపించినా. "దొర పేరు మీద పంట పండిస్తాండామా ఇన్నాళ్లూ" అని నవ్వినాడు. పోదాం అంటున్నాడు!

గోదారోడు
జీ నైన్ కూడా ఒక అరటిపండేనా అండీ? మా రావులపాలెం వచ్చి ఒక చక్కరకేళి తినండి, తర్వాత మాట్లాడుకుందాం. అమృతపాణి ముందు మీ కావెండిష్ ఉత్త చప్పిడి.

రైతుబిడ్డ_రెడింగ్
రుచిలో మీదే గెలుపు అన్నా, ఒప్పుకుంటా. కానీ మీ అమృతపాణి గెలను ఓడెక్కించి దుబాయ్ పంపితే అక్కడ దిగేసరికి ఏముంటుంది? మాది పచ్చిగా కోసి, కడిగి, పెట్టెల్లో సర్ది పంపితే వారాల తర్వాత కూడా మచ్చ లేకుండా దిగుతుంది. వ్యాపారికి కావాల్సింది అది.

కోడ్‌కూలీ_కేంబ్రిడ్జ్
ఒక సందేహం. ప్రపంచంలో కావెండిష్ చెట్లన్నీ ఆ చాట్స్‌వర్త్ మొక్క పిలకలే అని ఎక్కడో చదివాను. నిజమేనా? నమ్మబుద్ధి కావట్లేదు.

రైతుబిడ్డ_రెడింగ్
అది జనం అల్లిన మాట. ఆ జాతి అరటి అంతకుముందే ఆసియాలో సాగులో ఉంది. చాట్స్‌వర్త్‌లో జరిగింది పేరు పెట్టడం, కొన్ని దీవులకు మొక్కలు చేరడం. మన పొట్టి పచ్చ అరటి, పెద్ద పచ్చ అరటి కూడా కావెండిష్ గుంపులోవే, వాటికి ఏ దొరా అక్కర్లేకపోయింది. కానీ విత్తనం లేని పంట కాబట్టి తోటలోని జీ నైన్ చెట్లన్నీ ఒకే చెట్టుకు నకళ్లు. మనం కొనే టిష్యూ కల్చర్ మొక్క కూడా అంతే. అందుకే ఇప్పుడు పనామా తెగులులో కొత్త రకం, టీఆర్ 4, వస్తుందంటే అందరికీ దడ. గ్రో మిషెల్‌కు పట్టిన గతి దీనికీ పట్టొచ్చు.

బొగ్గుబాయి_బిడ్డ
పాక్స్‌టన్ అంటే లండన్ల క్రిస్టల్ ప్యాలెస్ కట్టినాయన కదా?

రైతుబిడ్డ_రెడింగ్
ఆయనే, 1851లో. దానికి ముందు చాట్స్‌వర్త్‌లో గ్రేట్ కన్సర్వేటరీ అని పెద్ద గాజు మేడ కట్టాడు, గుర్రపు బండి లోపలికి వెళ్లేంత. మీకు నచ్చే ముక్క ఇది: దాన్ని వెచ్చగా ఉంచడానికి భూమి కింద బాయిలర్లు, వాటికి బొగ్గు తోలడానికి సొరంగం. మొదటి యుద్ధంలో బొగ్గు దొరక్క మొక్కలన్నీ చచ్చిపోయాయి. 1920లో మందుపాతర పెట్టి పేల్చేశారు. డాక్టరమ్మగారు చెప్పిన చిక్కుదారి ఉన్నది ఆ జాగాలోనే, 1962లో నాటారు.

బొగ్గుబాయి_బిడ్డ
బొగ్గు లేకపోతే దొరల తోట కూడా ఎండిపోయింది. ఈ మాట మా బాపుకు ఫోన్ చేసి చెప్తా, ముప్పై ఏండ్లు బాయిల దిగిండు.

చిరుతిండి_శాంత
ఎవరూ తిండి మాట ఎత్తరేం? లక్ష్మీ, తోటలో మన డబ్బాలు తెచ్చుకుని తినొచ్చు. పులిహోర చాలు. పెరుగన్నం ఎండాకాలమైతేనే, అక్కడ గాలికి చల్లబడి గడ్డకడుతుంది. ఫ్లాస్కులో వేడి చారు పోసుకుని వెళ్లు, పెద్దవాళ్లు నిన్ను దీవిస్తారు. పార్కులో బార్బెక్యూ పెట్టనివ్వరు.

గోదారోడు
ఆవకాయ డబ్బా మూత తీసినప్పుడు గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. గొర్రెలు కూడా తలెత్తి చూస్తాయి.

లీడ్స్_లక్ష్మి
పోయొచ్చినాం! ఆదివారం. కొంచెం పెద్దదిగా రాస్తాను, ఇన్ని సలహాలిచ్చారు కాబట్టి.

మూర్తిగారి మాటా డాక్టరమ్మగారి మాటా రెండూ విన్నాం. మా ఆయనా పాపా ఇల్లు చూడ్డానికి పోయినారు, మేం నలుగురం తోటలో. పాప వయొలిన్ తలుపు దగ్గర నుంచి రానంటే రానని నిలబడిందంట. పిడుగు విల్లో చెట్టు కింద రెండు జతలూ తడిపేసి, ఆఖరికి వాళ్లక్క స్వెటర్‌లో ఇంటికొచ్చినాడు.

అమ్మ కూరగాయల తోట చూసింది. అన్నీ వరసగా, కలుపు మొక్క లేకుండా. చూసి చూసి "ఇంత జాగా పెట్టుకుని ఒక్క పచ్చిమిరప మొక్క నాటుకోలేదు వీళ్లు" అనింది.

నాయన సంగతి ఇంక చెప్పాలి. అరటి కథ విని వచ్చినాడు కదా, అదే అడుగుతాడనుకున్నా. ఊహూ. కొలను మధ్యలో ఎంపరర్ ఫౌంటెన్ చూసినాడు, అంతే, ఇంక కదల్లేదు. మొదటి ప్రశ్న: "మోటరు యాడుందమ్మా?" మోటరు లేదు నాయనా అన్నా. "కరెంటు?" అదీ లేదు. నేను నవ్వులాటకు అంటున్నాననుకుని కొలను చుట్టూ తిరిగి చూసొచ్చినాడు. ఆఖరికి అక్కడ తోటపని చేసే ఒకాయన కనబడితే నన్ను మధ్యలో పెట్టి అడిగించినాడు. కొండపైన చెరువు తవ్వి, గొట్టం దించి, నీటి బరువుతోనే పైకి ఎగజిమ్మేలా చేసినారంట, 1844లో. రష్యా చక్రవర్తి వస్తాడని ఆర్నెల్లలో పని ముగించినారంట, రాత్రుళ్లు దీపాలు పెట్టి మరీ. ఆయన రానే లేదు!

మా తోటలో వేసిన బోర్లలో నాలుగు ఎండిపోయినాయి. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు లేచి పోయి మోటరు వేసిన మనిషి. ఒక గంట చూసినాడు దాన్ని.

నీళ్ల_ఇంజనీరు
ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి రాస్తున్నా. పాక్స్‌టన్ తవ్వించిన చెరువు ఎనిమిది ఎకరాలు, కొలను కంటే సుమారు 120 మీటర్లు ఎత్తున ఉంది. మధ్యలో అర మైలు ఇనుప గొట్టం. లెక్క ప్రకారం ఎంత ఎత్తు నుంచి దిగితే అంత ఎత్తుకు లేవాలి, కానీ గొట్టం లోపలి రాపిడికీ గాలికీ కొంత పోతుంది. అయినా 90 మీటర్ల దాకా లేచిందని లెక్క ఉంది. రోజూ అంత వదలరు, చెరువు ఖాళీ అయిపోతుంది. 1893 నుంచి అదే కొండ నీళ్లతో టర్బైన్ తిప్పి ఇంటికి కరెంటు కూడా తెచ్చుకున్నారు. మీ నాన్నగారు అడిగిన ప్రశ్న ఆ ఫౌంటెన్‌ని అడగాల్సిన ప్రశ్నే.

లీడ్స్_లక్ష్మి
నాయన అడగమన్నాడు: మా పల్లె పక్క కొండ మీద చెరువు కడితే డ్రిప్‌కు మోటరు లేకుండా నీళ్లు వస్తాయా అని.

నీళ్ల_ఇంజనీరు
డ్రిప్‌కు పది మీటర్ల ఎత్తు ఉన్నా చాలు. అసలు చిక్కు వేరే. ఆ కొండ మీద చెరువు నింపేది ఎవరు? చాట్స్‌వర్త్‌లో ఏడాది పొడుగునా వాన, పైనున్న చిత్తడి నేలల నీళ్లని కాలువల్లో చెరువుకి మళ్లించారు. పులివెందులలో ఆ వాన ఎక్కడిది? పైకి ఎక్కించడానికే మళ్లీ మోటరు కావాలి. పగలు సోలార్‌తో ఎక్కించి, కావాల్సినప్పుడు వదులుకోవచ్చు. ఒక చిన్న ట్యాంకుతో మొదలుపెట్టమనండి.

గోదారోడు
మా వైపు వద్దన్నా నీళ్లొస్తాయి. ఏటా ఒకసారి ఇంట్లోకి కూడా.

సర్కార్_కుర్రాడు
ఇక్కడ దొరగారు నీళ్లని గాల్లోకి ఎగరేయడానికి చెరువు తవ్వించాడు, అక్కడ దానికి పదేళ్ల ముందు గుంటూరు కరువులో (1832-33) జనం రోడ్ల మీద చచ్చిపోయారు. కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టేసరికి 1847. నాకెందుకో ఆ ఫౌంటెన్ చూస్తే అదే గుర్తొస్తుంది.

మిల్టన్‌కీన్స్_మూర్తి
గుర్తు రావడం మంచిదే. కానీ డెర్బీషైర్‌లోని డ్యూక్‌ని గుంటూరు కరువుకి బాధ్యుణ్ణి చేయలేం కదా. ఈస్టిండియా కంపెనీ వేరు, ఈయన వేరు.

సర్కార్_కుర్రాడు
వేరే అనుకుందాం మూర్తిగారూ, కానీ మరీ అంత వేరు కూడా కాదు. 1835లో ఆ ఆరో డ్యూకే జాన్ గిబ్సన్ అనే తోటమాలిని ఆర్కిడ్ల కోసం ఇండియా పంపాడు. గవర్నర్ జనరల్‌గా వెళుతున్న ఆక్లండ్ ఓడలోనే ఎక్కించి. ఖాసీ కొండల్లోంచి పెట్టెలకొద్దీ మొక్కలు వచ్చాయి.

మిల్టన్‌కీన్స్_మూర్తి
మొక్కలు తేవడానికీ శిస్తు పిండడానికీ తేడా లేదా? సరే, ఇక్కడితో ఆపుదాం, మనిద్దరం తేల్చేది కాదు.

డెర్బీ_డాక్టరమ్మ
సర్కార్ తమ్ముడూ, కోపం తీరా చూడాలంటే మా ఊరి పక్కనే కెడిల్‌స్టన్ హాల్ ఉంది. లార్డ్ కర్జన్ ఇల్లు. కలకత్తాలో గవర్నర్ జనరల్ భవనం కట్టింది దీని నమూనా చూసే. కింద అంతస్తులో కర్జన్ తెచ్చిన సామాను ఒక మ్యూజియం. ఆయన భార్య 1903 ఢిల్లీ దర్బారులో కట్టుకున్న నెమలి గౌను కూడా ఉంది, మన పనివాళ్లు బంగారు జరీతో కుట్టింది. ఈకల మధ్య కన్నుల్లో పురుగు రెక్కలు మెరుస్తుంటాయి. మా అత్తగారు ఆ కుట్టు చూసి "ఎవరు కుట్టారో వాళ్ల పేరు ఎక్కడుందే" అని వెతికారు.

సర్కార్_కుర్రాడు
ఉందా?

డెర్బీ_డాక్టరమ్మ
మాకు కనబడలేదు.

బొగ్గుబాయి_బిడ్డ
కార్డు ఉంది కాబట్టి మేం ముందు హార్డ్‌విక్ పోతం, ఎం1 హైవే పక్కనే అంట. ఈసారి ఇంటికి పోయినప్పుడు దోమకొండ గడి చూడాలె. మంచిగ బాగుచేసిండ్రు, 2022ల యునెస్కో అవార్డు కూడా వచ్చింది. మన దగ్గర కూడా ఇట్ల నిలబెట్టేటోళ్లు ఉన్నరు, మనమే పోయి చూడం.

చిరుతిండి_శాంత
హార్డ్‌విక్‌లో ముఖ్యమైన గదులన్నీ పై అంతస్తుల్లో ఉన్నాయి, రాతి మెట్లు ఎక్కాలి. పెద్దవాళ్లుంటే కింద తోటలోనే కూర్చోబెట్టండి. బేక్‌వెల్ పుడ్డింగ్ మాత్రం బేక్‌వెల్‌లోనే తినండి.

లీడ్స్_లక్ష్మి
వచ్చే నెల పోవిస్ కోటకు పోదామని మా ఆయన. టిప్పు గుడారం చూడాలని నాయన కూడా అడుగుతున్నాడు. సర్కార్ తమ్ముడూ, నువ్వూ వస్తావా? కోపంతోనే రా, పర్లేదు.

సర్కార్_కుర్రాడు
నేను బర్మింగ్‌హామ్‌లో ఉంటా అక్కా, అక్కడి నుంచి వెల్ష్‌పూల్‌కి నేరుగా రైలుంది. టికెట్ మాత్రం నేను కొనను.

బొగ్గుబాయి_బిడ్డ
పోవిస్ నేషనల్ ట్రస్టుదే కదా, మా కార్డు మీద పిల్లల కింద రా తమ్మీ. ఎత్తెంత నువ్వు?

డెర్బీ_డాక్టరమ్మ
పోవిస్ తోట మెట్లు మెట్లుగా ఉంటుంది, అమ్మగారికి కష్టం. పిల్లాడి తోపుడుబండి కూడా వద్దు. నెమళ్లు తిరుగుతుంటాయి, పులిహోర డబ్బా మూత గట్టిగా పెట్టుకోండి.